డీవీడీలోని మహాసభను కంప్యూటరులోకి ఎక్కించుట

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో 2009 నాటి మహాసభ డీవీడీ బీరువాలో దొరికినది. కాలం చేసిన తొలి అధ్యక్షుని మాట అందులో మాత్రమే ఉన్నది. ఇంట రాసిన డిస్కులోని రంగుపొర ఏళ్ళు గడిచినకొద్దీ చెడును, కనుక జాగు చేయరాదు.

ముందుగా ‘వీడియో టీఎస్’ ఫోల్డరును ఉన్నదున్నట్లు హార్డుడిస్కుకు కాపీ చేయవలెను. మధ్యలో ఆగినచో వేరొక డ్రైవులో పెట్టి చూడవలెను. మాకు రెండవ డ్రైవే చదివినది. లోపలి వీఓబీ ఫైలు ఒక్కొక్కటి 1 జీబీకి మించదు గనుక, ఒకే ఉపన్యాసం రెండు ముక్కలై ఉండవచ్చును. విడివిడిగా మార్చినచో అతుకు వద్ద మాట తెగును. ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌కు ఫోల్డరు మొత్తం చూపి ఎంపీ4గా మార్చినచో, ఎడిటింగులో కావలసినచోట కత్తిరించుకొనవచ్చును. (సినిమా డిస్కులకు తాళముండును, అది వేరే సంగతి.)

కదిలే చేతుల అంచున దువ్వెన పళ్ళవంటి గీతలు కనబడితే ‘డీఇంటర్లేస్’ పెట్టవలెను. కార్యదర్శిగారు దానిని డిస్కు దోషమనుకొని పారవేయబోయినారు! మార్చిన ప్రతిసారీ బొమ్మ కొంత నాణ్యత కోల్పోవును గనుక, మొదటి ఫోల్డరును చెరపరాదు.