జపాను దేశపు జూనియర్ హెవీవెయిట్ మల్లబిరుదు

పోయిన సంవత్సరము మా పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలుడొకడు విరామ సమయమున బెంచీపైనుండి వెనుకకు పల్టీ కొట్టబోయి ముంజేయి విఱుగగొట్టుకొనెను. విచారింపగా, ఇంటిలో సెల్‌ఫోనునందు జపాను మల్లుల ఆటలు చూచి నేర్చుకొంటినని చెప్పెను. మరునాడు అతని తండ్రిగారు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఆ కుస్తీ నిజమా, నాటకమా? నిజమైనచో మాన్పించెదను, నాటకమైనచో నవ్వి ఊరకుందును" అనిరి. ఆనాడు మేము తగిన సమాధానము చెప్పలేకపోతిమి. తరువాత కొంత చదివి, కొంత చూచి తెలిసికొన్న సంగతులను ఈ సంచికలో తలిదండ్రుల ముందుంచుచున్నాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. జూనియర్ అనగానే మనవారు పిల్లల పోటీ అనుకొందురు. వయస్సునకును దీనికిని ఎట్టి సంబంధమును లేదు, ఉన్నదంతయు బరువుతోనే. ఆంటోనియో ఇనోకి అను మల్లుడు 1972లో స్థాపించిన న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్ అను సంస్థలో 100 కిలోగ్రాములు మించనివారు ఈ తరగతికి చెందుదురు. మన బడిలో ఉపాధ్యాయులందఱిని తూచినను ఆ హద్దు దాటువారు ఒకరిద్దరికంటె ఉండరు. అది వేఱు సంగతి.

జపానులో ఈ వినోదమునకు ప్రాణము పోసినవాడు రికిడోజాన్. ఇతడు పూర్వము సుమో మల్లుడు. 1954లో అమెరికా నుండి వచ్చిన షార్ప్ సోదరులతో ఇతడు పోరాడగా, అప్పుడే క్రొత్తగా వచ్చిన టెలివిజను ముందు జనులు వీధులలో గుంపులుగా నిలిచి చూచిరి. నాటినుండియు పెద్దపీట భారీకాయులదే. తేలికవారు ముందు ఆడి తప్పుకొనువారు. ఈ పరిస్థితిని మార్చినవారిలో మొదట చెప్పదగినవాడు తత్సుమి ఫుజినామి. 1978 జనవరిలో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనులో ఇతడు ఒక అమెరికను సంస్థవారి జూనియర్ హెవీవెయిట్ బిరుదును గెలిచి స్వదేశమునకు తెచ్చెను. తరువాత 1981 ఏప్రిల్ 23న టోక్యోలో పులి ముసుగు ధరించిన ఒక మల్లుడు తొలిసారిగా బరిలోనికి దిగి, డైనమైట్ కిడ్ అను ఇంగ్లీషువానితో తలపడెను. ముసుగులోనివాడు సతోరు సయామా. ఆ పులి ముసుగు మల్లుడు అంతకు ముందే పిల్లల బొమ్మల కథలో ప్రసిద్ధుడు. వారిరువురి వేగమును చూచినవారికి తేలికవారి ఆట చిన్న ఆట కాదని తెలిసినది.

1983లో సయామా ఆ సంస్థను విడిచెను. 1986 ఫిబ్రవరిలో సంస్థవారు తమ సొంత బిరుదును ఏర్పఱచి పోటీలు జరుపగా షిరో కోషినాకా ప్రథమ విజేత అయ్యెను. దీని పేరు ఐ.డబ్ల్యు.జి.పి. జూనియర్ హెవీవెయిట్ ఛాంపియన్‌షిప్. వింత యేమనగా, అదే పేరుతో భారీ మల్లులకు బిరుదు ఏర్పడినది 1987లో. అనగా ఇంటిలో తమ్ముడే ముందు పుట్టెను!

ఈ బిరుదు చరిత్రలో అధిక భాగము ఒక్కని చరిత్రయే. అతడు కెయిచి యమాడా. ఎత్తు చాలదని సంస్థవారు మొదట అతనిని చేర్చుకొనలేదు. అతడు మెక్సికో దేశమునకు పోయి అచ్చట అభ్యాసము చేసి, పిదప న్యూ జపాన్ వారిలోనే చేరి 1984లో బరిలోనికి దిగెను. 1989లో, అప్పుడు ప్రసారమగుచున్న ఒక బొమ్మల కథలోని వీరుని వేషమును, జూషిన్ లైగర్ అను పేరును ధరించెను. ఆ సంవత్సరమే బిరుదును గెలిచెను. మొత్తము 11 మారులు గెలిచెను. 1993 జనవరి 4 నుండి 1994 సెప్టెంబరు 24 వఱకు 628 దినములు ఎడతెగక నిలుపుకొని, చీలమండ విఱిగినందున వదలుకొనెను. 1996లో మెదడులో కంతి ఏర్పడగా శస్త్రచికిత్స చేయించుకొని మరల వచ్చెను. 2020 జనవరిలో విరమించునాటికి అతని వయస్సు 55 సంవత్సరములు. ఆ వయస్సువారమైన మేము మేడమెట్లెక్కుటకే రొప్పుచున్నాము.

ఇక ఆ తండ్రిగారి ప్రశ్న. ఈ కుస్తీలో ఎవరు గెలువవలయునో ముందుగానే నిర్ణయింపబడును. కావున బిరుదు చరిత్ర యనగా ఎవరికి ముందు నిలుచు బాధ్యత నప్పగించిరో తెలుపు చరిత్ర. ఇంతవఱకు నాటకమే. కాని పడుట నాటకము కాదు. 1996 ఆగస్టులో ఎనిమిది బిరుదులను ఒకటిగా చేర్చిన పోటీలో గ్రేట్ సాసుకే అనువాడు తలపుఱ్ఱె చిట్లియు ఆట ముగించి గెలిచెను. 2018 జూలైలో బిరుదు ధరించియున్న హిరోము తకహాషి శాన్ ఫ్రాన్సిస్కోలో మెడకు గాయమై, సంవత్సరమునకు పైగా బరికి దూరమయ్యెను. 2020 జనవరి 4న తిరిగి గెలిచెను. మొదట చెప్పిన డైనమైట్ కిడ్ తుది సంవత్సరములు చక్రముల కుర్చీలో గడిపి 2018లో మరణించెను. కావున "నాటకమే గదా" అని నవ్వి ఊరకుండుటకు వీలులేదు.

పిల్లలు చూచునది ఎగురుటను మాత్రమే. జపానులో క్రొత్తగా చేరిన శిష్యులు శిక్షణాలయమున నివసించుచు, పెద్దల బట్టలుతికి, వంటచేసి, వందలకొలది గుంజీలు తీసి, అన్నిటికంటె ముందు పడుట నేర్చుదురు. దీనిని వారు ఉకెమి అందురు. జూడోలోనుండి వచ్చిన విద్య. గడ్డమును ఱొమ్మునకు ఆనించి, చేతిని నేలకు అడ్డుపెట్టక, అరచేయి మొదలు భుజము వఱకు ఒక్కసారిగా చఱచి, పడిన బరువును పంచుట ఇందలి కిటుకు. మా బాలుడు చేయి అడ్డుపెట్టెను, అందుచేతనే విఱిగెను.

అతని చేయి అతుకుకొన్నది. తరగతిలో అందఱికంటె పొట్టివాడు. ప్రార్థనలో మొదటి వరుసలో నిలుచువాడు. ఆ ముసుగు మల్లుని పేరును తన నోటు పుస్తకమంతట ఏల వ్రాసికొనెనో మాకు ఆలస్యముగా తెలిసినది. వచ్చు జూను నుండి మా వ్యాయామోపాధ్యాయులు శనివారము సాయంకాలము పరుపులు వేసి, పడు పద్ధతిని మాత్రము నేర్పుదురు. ఇష్టమైన తలిదండ్రులు కార్యాలయమునకు వచ్చి సమ్మతిపత్రముపై సంతకము చేయగోరుచున్నాము. మొదటి సంతకము ఆ తండ్రిగారిదే.