అచ్చులో అమరిన మోకాలు

యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు అశ్వినీ దేవతలు ఇనుప కాలు అమర్చారని ఋగ్వేదం చెబుతున్నది. నడక కోల్పోయినవారికి తిరిగి నడక ప్రసాదించాలన్న ఆకాంక్ష ఎంత ప్రాచీనమో ఈ గాథ తెలుపుతుంది. 1890లో థెమిస్టోక్లీస్ గ్లుక్ అనే శస్త్రవైద్యుడు జర్మనీలో ఏనుగు దంతంతో చేసిన కీలును మోకాలిలో అమర్చాడు. ఆ ప్రయత్నం నిలవకపోయినా, రాబోయే తరాలకు దారి చూపింది.

తొడ ఎముకకూ, దాని దిగువనున్న అంతర్జంఘికకూ చివరల నున్నని మృదులాస్థి పొర ఉంటుంది. అది అరిగిపోతే ఎముకలు ఒరుసుకొని అడుగు వేయడమే దుర్భరమవుతుంది. నేలపై కూర్చొని లేవడం అలవాటైన మన పెద్దలకు ఈ బాధ మరింత దుస్సహం. అరిగిన భాగాలను తొలగించి లోహపు తొడుగులను, వాటి నడుమ పాలిథిలిన్ పలకను అమర్చడమే మోకీలు మార్పిడి.

అయితే ఏ ఇద్దరి మోకాళ్ళూ ఒక్కతీరుగా ఉండవు. ఇక్కడే త్రిమితీయ ముద్రణ అక్కరకు వస్తుంది. అమెరికాకు చెందిన చార్లెస్ హల్ ఈ విద్యలో ఒక తొలి పద్ధతికి 1986లో పేటెంట్ పొందాడు. పొరపై పొర పేర్చి వస్తువును నిర్మించడం దీని విశేషం.

ముందుగా రోగి మోకాలిని సి.టి. లేదా ఎం.ఆర్.ఐ. యంత్రంతో చిత్రించి, కంప్యూటర్‌లో దాని రూపాన్ని సిద్ధం చేస్తారు. ఎముకను ఎక్కడ, ఏ కోణంలో కోయాలో చూపే పరికరాన్ని దాని ఆధారంగా నైలాన్‌తో ముద్రిస్తారు. అది ఆ ఒక్క రోగి ఎముకకే సరిగా అతుకుతుంది. టైటానియం పొడిని లేజర్ కిరణాలతో కరిగించి, సూక్ష్మరంధ్రాలు గల తొడుగులనూ రూపొందిస్తారు. ఎముక ఆ రంధ్రాలలోకి పెరిగి, సిమెంటు లేకుండానే పట్టు చిక్కుతుంది.

కొత్తదంతా మేలైనదని భావించరాదు. సాధారణ రోగుల విషయంలో ఈ పరికరాలు పాత పద్ధతిని మించిన ఫలితాలనిస్తాయని పరిశోధనలు స్పష్టంగా నిరూపించలేదు. ఎముక వంకర తిరిగినవారికి, పూర్వం విరిగిన ఎముకలో లోహపు కడ్డీలున్నవారికి మాత్రం ఇవి ఉపకరిస్తాయి. వ్యయం మరొక సమస్య. 2017 ఆగస్టులో భారత ప్రభుత్వం కోబాల్ట్ క్రోమియం మోకీలుకు, పన్నులు కాక, 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. చికిత్స సామాన్యునికి అందాలన్న ఆ దృష్టి కొత్త విద్యకూ అవసరమే.

విశ్పలకు కాలు లభించింది తిరిగి కదనరంగంలో కదలడానికి. నాట్లు వేసి మోకాళ్ళు అరిగిన తల్లి మళ్ళీ తన పొలం గట్టుపై నడిచిన నాడే ఈ విజ్ఞానానికి సార్థకత.