పింజరల పుట్టుక – జన్యువుల సాక్ష్యము

నారుమడిలో ఊద మొలక వరి మొలకను ఎంతగా పోలియుండునో మీకు తెలియును. పోలికను బట్టి జాతిని నిర్ణయించినచో పొరపాటు తప్పదు. పాముల విషయమునను అంతే.

గుంట పింజర యనగానేమి?

కంటికిని ముక్కు రంధ్రమునకును నడుమ చిన్న గుంట గల పింజరలివి. ఆ గుంటతో చీకటిలో సైతము ఎలుక ఒంటి వేడిని పసిగట్టును. తూర్పు కనుమలలో వెదురు పొదలను ఆశ్రయించు పచ్చ పింజర ఈ తెగలోనిదే. రక్తపింజరకు ఈ గుంట లేదు.

వంశమును గుర్తించు విధము

ప్రాణుల కణములలోని డి.ఎన్.ఏ. నాలుగు అక్షరములతో వ్రాసిన వంశచరిత్ర వంటిది. తరములు గడచిన కొలది అక్కడక్కడ అక్షరములు మారుచుండును. రెండు పాముల నడుమ మార్పులు తక్కువైనచో అవి దగ్గరి చుట్టములు. ఎక్కువైనచో ఎన్నడో విడిపోయినవి. ఇందులకు పామును చంపనక్కరలేదు. విడిచిన కుబుసము చాలును.

ఈ విద్యలో హైదరాబాదు పాత్ర కలదు. డాక్టర్ లాల్జీ సింగ్ పసుపు పట్టెల కట్లపాము డి.ఎన్.ఏ.పై చేసిన పరిశోధన, తరువాత హబ్సిగూడలోని సి.సి.ఎం.బి.లో డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతికి పునాది అయినది. 2003లో ఆయనయు, ఎస్.కె. వర్మయు సైటోక్రోం-బి అను జన్యువు ముక్కతో ప్రాణి జాతిని గుర్తించు పద్ధతిని ప్రకటించిరి. ఆ జన్యువును, మరికొన్నింటిని పోల్చి అనితా మల్హోత్రా, రోజర్ థోర్ప్ 2004లో ఆసియా గుంట పింజరల వంశవృక్షమును ప్రకటించిరి.

తేలిన సంగతులు

ఒకే తెగ అనుకొన్న పచ్చ పింజరలు పలు శాఖలని తేలెను. మన పచ్చ పింజరకు హిమాలయములలోని పచ్చ పింజరలకంటె పడమటి కనుమలలోని మలబారు పింజర దగ్గరి చుట్టము. ఆ మలబారు పింజర పచ్చగనే కాక గోధుమ, పసుపు రంగులలోను ఉండును. గుంట పింజరలు ఆసియాలో పుట్టి, సైబీరియా, అలాస్కాల నడుమ పూర్వముండిన నేలదారిన అమెరికా చేరినవి. అచ్చటి గిలక పాములు వాని సంతతియే.

రైతునకేమి ప్రయోజనము?

మన దేశపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషముతో గుఱ్ఱముల ద్వారా తయారగుచున్నది. గుంట పింజర విషము అందులో చేరలేదు. కేరళలో ముక్కు పైకి లేచిన గుంట పింజర కాటునకు ఈ మందు పనిచేయలేదు. తగిన మందు తయారగుటకు ముందు ఏ పాము ఏ వంశముదో తెలియవలెను.

పాటింపవలసినవి

1. కాటు పడిన అవయవమును కదల్పక వెంటనే ఆసుపత్రికి చేర్చుడు.
2. గాటు పెట్టరాదు, పీల్చరాదు, బిగించి కట్టరాదు.
3. పామును పట్టబోవలదు, చంపవలదు. దూరమునుండి తీసిన ఫోటో ఉన్నచో వైద్యునకు చూపుడు. రంగొక్కటే గుర్తు కాదు.
4. వెదురు నరకుటకు ముందు పొదను పొడవాటి కర్రతో కదల్చి చూడుడు.