ఎండిన చెరువులో ప్రాణి

తిరుచానూరు సమీపాన స్వర్ణముఖిలో వేసవినాడు కనిపించేది ఇసుకే. చుట్టుపట్ల చెరువులు కూడ బీటలు వారుతాయి. ఇటువంటి చెరువులలో నీట మునిగిన కొమ్మలను, రాళ్ళను అంటిపెట్టుకొని బ్రతికే ఒక ప్రాణి ఉంది. చూచినవారు దానిని నాచు అనుకొని తీసి పారవేస్తారు. నిజానికి అది జంతువు. దాని పేరు మంచినీటి స్పంజిక.

స్పంజికకు నోరు లేదు, గుండె లేదు, నరాలు లేవు. దేహమంతా రంధ్రాలే. వాటి ద్వారా నీటిని లోనికి తీసుకొని, అందులోని సూక్ష్మజీవులను వడగట్టి ఆహారంగా గ్రహిస్తుంది. మెత్తని ఆ దేహాన్ని నిలబెట్టేవి సిలికాతో ఏర్పడిన సన్నని సూదులు. వీటిని కంటకాలు అంటారు. చెరువు ఎండినప్పుడు ఆ దేహం నశిస్తుంది. కాని ఆవగింజకంటె చిన్నవైన గుండ్రని జెమ్యూల్స్ మిగులుతాయి. గట్టి పొర లోపల జీవకణాలు నిద్రాణంగా ఉండి, వానలు కురిసి నీరు చేరగానే సూక్ష్మరంధ్రం గుండా వెలువడి తిరిగి స్పంజికగా రూపొందుతాయి. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హెన్రీ జాన్ కార్టర్ 1849లో బొంబాయి స్పంజికలను వర్ణించాడు. ఆయన పేరు గల జాతి భారతదేశపు చెరువులలో నేటికీ విరివిగా కనిపిస్తుంది.

స్పంజికల పుట్టినిల్లు సముద్రం. తిరుమల కొండలలోని క్వార్ట్‌జైట్ శిలల వయస్సు వంద కోట్ల సంవత్సరాలకు పైమాటే. అవి ఏర్పడేనాటికి భూమిపై జంతువులే లేవు కనుక వాటిలో స్పంజికను వెదకడం వృథా. సముద్రపు స్పంజికల శిలాజాలు 50 కోట్ల సంవత్సరాలకు పూర్వపు రాళ్ళలోనే లభిస్తాయి. మంచినీటి స్పంజికల ఆనవాళ్ళు మాత్రం అరుదు. దేహం కుళ్ళిపోగానే సూదులు చెల్లాచెదరవుతాయి. విడి సూది ఏ నీటి స్పంజికదో చెప్పడం కష్టం. అందుచేత జెమ్యూలే గట్టి సాక్ష్యం. సముద్రపు స్పంజికలలో అటువంటి కవచం గల బీజం బహు అరుదు.

అటువంటి సాక్ష్యం అర్జెంటీనాలోని చుబుత్ ప్రాంతంలో లభించింది. పది కోట్ల సంవత్సరాలకు పైబడిన శిలలలో జెమ్యూల్స్‌తో సహా దొరికిన ఆ స్పంజికకు 1972లో పేలియోస్పంజిల్లా అని నామకరణం చేశారు. దక్కను లావా పొరల నడుమ ఒకప్పుడు సరస్సులుండేవి. మాళవ ప్రాంతంలోని అట్టి నిక్షేపాల నుండి సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి స్పంజికను 2021లో శాస్త్రజ్ఞులు వర్ణించారు.

వీటికంటె ప్రాచీనమైనవి ఐరోపా సరస్సు శిలలలోని సూదులు. వాటి వయస్సు దాదాపు 30 కోట్ల సంవత్సరాలు. అవి నేటి మంచినీటి స్పంజికల పూర్వులవా, లేక అంతకుముందే సముద్రాన్ని వీడి వచ్చి అంతరించిన వేరొక శాఖవా అన్న విషయమై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. ఆ సూదుల సరసన ఒక్క జెమ్యూల్ బయటపడితే ఈ వాదం చాలవరకు తీరుతుంది.