మైక్రోస్కోప్ ఫొటోలో గామా, రంగులు: ఎంతవరకు మార్చవచ్చు?

ఆదిభట్ల ఏరోస్పేస్ పార్కులో సీ-130జే విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. దగ్గర్లోని ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీలున్నాయి. లోహపు ముక్కను పాలిష్ చేసి, ఎచింగ్ చేసి మైక్రోస్కోప్ కింద ఫొటో తీయడం ఇక్కడ చదివేవాళ్లకు ప్రాజెక్టులోనో ఉద్యోగంలోనో ఎదురయ్యే పనే. వాళ్ల సందేహాలకు జవాబులివి.

ఫొటో చీకటిగా వచ్చింది. గామా మార్చితే తప్పా?

కంటికి కనబడటం కోసమైతే మార్చుకోండి. మార్చిన సంగతి చెప్పకుండా రిపోర్టులో పెట్టడం మాత్రం తప్పు. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ మామూలుగా అన్ని పిక్సెళ్లనూ ఒకే లెక్కన జరుపుతాయి. గామా అలా కాదు, నీడలో ఉన్నవాటిని ఎక్కువగా లేపుతుంది. 8 బిట్ల ఫొటోలో ఒకచోట విలువ 16, ఇంకోచోట 64 ఉన్నాయనుకోండి. తేడా నాలుగింతలు. ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌లో 0.5 గామాతో అవి సుమారు 64, 128 అవుతాయి. నమూనా అలాగే ఉంది, తేడా మాత్రం రెండింతలకు పడిపోయింది! అందుకే నేచర్, జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ వంటి పత్రికలు గామా మార్పును వెల్లడించమంటాయి. గామా అంకెతోపాటు సాఫ్ట్‌వేర్ పేరూ రాయండి, ఎందుకంటే ఒక్కోదానిలో లెక్క ఒక్కోలా ఉంటుంది. ఇమేజ్‌జేలో గామా 1 కన్నా తగ్గితే ఫొటో వెలుగవుతుంది. ఫొటోషాప్ లెవెల్స్‌లో 1 కన్నా పెరిగితే వెలుగవుతుంది.

కొలతలు ఏ ఫైలు మీద తీయాలి?

కెమెరా ఇచ్చిన అసలు ఫైలు మీదే. ఒక స్థాయికన్నా నల్లగా ఉన్న భాగం ఎంత శాతమో లెక్కకట్టేటప్పుడు గామా మారితే ఆ శాతమూ మారిపోతుంది.

ఒక మూల మాత్రమే తెల్లగా చేసుకోవచ్చా?

వద్దు. ఏ సవరణైనా ఫొటో మొత్తానికీ చేయాలి. పోల్చి చూపే ఫొటోలన్నిటికీ ఒకే సెట్టింగు ఉండాలి.

రంగుల్ని కెమెరా ఆటోకు వదిలేస్తే?

నాకు ఎక్కువ భయం ఇక్కడే. టైటానియం వెల్డింగులో ఆర్గాన్ రక్షణ చాలకపోతే లోహం గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఎండుగడ్డి రంగుకు, ఆపై నీలానికి, బూడిదరంగుకు తిరుగుతుంది. వెల్డు పనికొస్తుందో లేదో చెప్పడానికి ఆ రంగే ఒక ఆధారం. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ నీలాన్ని 'సరిచేసి' చూపగలదు. ముందుగా తటస్థమైన బూడిదరంగు కార్డుతో వైట్ బ్యాలెన్స్ కుదిర్చి, ఆటోను ఆపేయండి. హాలోజన్ దీపాన్ని తగ్గించినా ఫొటో పసుపుబారుతుంది. దీపం జోలికి పోకుండా న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టరుతో వెలుగు తగ్గించండి.

ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబుకు నియమం ఏమిటి?

ఆ గుర్తింపునకు ఆధారం ఐఎస్‌ఓ/ఐఈసీ 17025:2017. అందులోని 7.5.2 ప్రకారం సాంకేతిక రికార్డును మారిస్తే పాతదీ కొత్తదీ రెండూ ఉంచాలి. ఏం మారింది, ఎప్పుడు, ఎవరు మార్చారు అన్నది తెలియాలి. సవరించిన ఫొటోను అసలు ఫైలు మీదే సేవ్ చేస్తే ఈ నియమం తప్పినట్లే.

ఫొటో ఎవరి సొత్తు?

ఉద్యోగంలో భాగంగా తీస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షను ప్రకారం యజమానిది. విద్యార్థి ఉద్యోగి కాదు కనుక, వేరే ఒప్పందం లేకపోతే తీసిన ఫొటో తనదే. హక్కు చేతులు మారినా, తీసింది తానేనని చెప్పుకునే హక్కు, తన పేరుకు మచ్చ తెచ్చే మార్పును అభ్యంతరపెట్టే హక్కు 57వ సెక్షను కింద తీసినవారికి మిగులుతాయి.

"పగులు కనబడకుండా కాస్త సెట్ చెయ్యి" అని పైవాళ్లంటే?

చేయకండి. వ్యాపార ఒత్తిడి నిష్పాక్షికతను దెబ్బతీయనివ్వకూడదని ఐఎస్‌ఓ/ఐఈసీ 17025 ప్రమాణంలోని 4.1.3 చెబుతోంది, ఆ బాధ్యత ల్యాబుదే. అడిగిన మాటను తేదీతో రాసి పెట్టుకోండి, అసలు ఫైలును భద్రంగా ఉంచండి. పగులున్న ఆ భాగాన్ని అమర్చే విమానంలో మనుషులు కూర్చుంటారు.