తొలకరికి ముందే ఎర్రచీమల పని పట్టాలి

2022 సెప్టెంబరులో ఒడిశాలోని పూరీ జిల్లా బ్రాహ్మణసాహి గ్రామంలో వరద తగ్గింది గానీ ఊరు కుదుటపడలేదు. ఏటి గట్ల మీద, పొదల్లో ఉండే కుట్టే ఎర్రచీమలు నీటి దెబ్బకు ఊళ్లోకి వచ్చిపడ్డాయి. ఇళ్లు, దారులు, పొలాలు, చెట్లు అన్నిటా అవే. కొన్ని కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లిపోయాయి. పరిశీలనకు వచ్చిన వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, పైకి కనిపించే చీమలను చంపితే సరిపోదని, రాణి చీమలు ఎక్కడున్నాయో కనిపెట్టి మట్టుపెట్టాలని చెప్పారు. మన పొలాల్లోనూ కీలకం అక్కడే ఉంది.

మన గట్ల మీద ఎక్కువగా కనిపించే కుట్టే ఎర్రచీమ శాస్త్రీయ నామం సొలెనాప్సిస్ జెమినేటా. దీని పుట్టిల్లు అమెరికా ఖండంలోని ఉష్ణ ప్రాంతాలు. పదహారో శతాబ్దంలో మెక్సికోలోని అకాపుల్కో రేవు నుంచి మనీలాకు తిరిగిన స్పానిష్ ఓడలే దీన్ని ఆసియాకు మోసుకొచ్చాయని జన్యు పరిశోధనలు చెబుతున్నాయి. దీని దగ్గరి బంధువు సొలెనాప్సిస్ ఇన్విక్టా 1930ల్లో అలబామాలోని మొబైల్ రేవులో దిగి అమెరికా దక్షిణ రాష్ట్రాలంతటా పాకింది. 2001లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లోనూ బయటపడింది. నివారణ పద్ధతుల మీద జరిగిన పరిశోధనల్లో ఎక్కువ భాగం ఆ చీమ మీదే.

గుర్తుపట్టడం కష్టం కాదు. ఒకే గూట్లో చిన్న చీమలూ, చదరంగా పెద్ద తలలున్న చీమలూ కలిసి తిరుగుతుంటాయి. ఆ పెద్ద తలల నిండా కండరాలే. గట్టి గింజలను నలగ్గొట్టే పని వాటిదే. ఎండ బాగా తగిలే గట్టు మీద పొడిపొడిగా తోడిపోసిన మట్టి, దాని నిండా చిన్న చిన్న కన్నాలు, పక్కనే గింజల పొట్టు కనిపిస్తే అది ఈ చీమల గూడే.

విత్తనం వేసిన వారం పది రోజులు జాగ్రత్తగా ఉండాలి. జొన్న, కూరగాయల వంటి విత్తనాలను నేలలోంచే ఎత్తుకుపోతాయి, లేత మొలకల కాండం కొరుకుతాయి. డ్రిప్ పైపులకు కన్నాలు పెడతాయి. పిండినల్లి, పేనుబంక విసర్జించే తీపి జిగురు కోసం ఆ పురుగులకు కాపలా కాసి, వాటిని తినే అక్షింతల పురుగులను తరిమేస్తాయి. జిగురు మీద నల్లటి మసి తెగులు పెరుగుతుంది. అందుకే చీమలు బారులు తీరిన మొక్క మీద ముందు పిండినల్లి కోసం వెతకాలి.

అలాగని కనిపించిన ప్రతి గూడునూ నాశనం చేయకూడదు. ఫిలిప్పీన్స్ వరి పొలాల్లో ఇదే చీమ గట్ల మీద గూళ్లు పెట్టుకుని సుడిదోమతో పాటు ఇతర పురుగుల గుడ్లనూ వేటాడుతుందని పరిశోధకులు గమనించారు. విత్తనానికి, మొలకలకు, మనుషులు నడిచే చోటుకు, పశువుల పాకకు దగ్గరగా ఉన్న గూళ్లను తీసేస్తే చాలు.

ఆ గూళ్లకు మందు కలిపిన ఎర పెట్టాలి. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే వాడకం సులువవుతుంది. ఎదిగిన చీమలు గట్టి పదార్థాన్ని మింగలేవు, ద్రవమే తాగుతాయి. గట్టి ముక్కలను గూట్లో ఎదిగిన పిల్లపురుగులకు అందిస్తే, అవి కరిగించి ఇచ్చిన రసమే నోటి నుంచి నోటికి మారుతూ రాణిదాకా చేరుతుంది. మందు కూడా అలాగే నోటి నుంచి నోటికి రాణిదాకా వెళ్లాలి. వెంటనే చంపే మందైతే మోసే చీమ దారిలోనే పడిపోతుంది, రాణి క్షేమంగా ఉంటుంది. ఇన్విక్టా రాణి రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు కాబట్టి పోయిన చీమల లోటు త్వరగానే తీరుతుంది.

ఎర పెట్టే ముందు చిన్న పరీక్ష చేయాలి. పొద్దున ఎండ ముదరక ముందే గట్టు మీద ఒక జంతిక ముక్క పెట్టి అరగంట ఆగాలి. చీమలు మూగితే మేతకు తిరుగుతున్నట్టే. అప్పుడు లీటరు నీటిలో 100 గ్రాముల చక్కెర, 10 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి, దూదిలో తడిపి, చీమ మాత్రమే దూరే కన్నాలున్న మూత డబ్బాల్లో గూటికి కాస్త దూరంగా నీడలో పెట్టాలి. తేనెటీగలు, పిల్లలు, పశువులు వాటి జోలికి పోకుండా చూసుకోవాలి. వాన పడేలా ఉంటే పెట్టకూడదు. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. అందుకే ఈ పని విత్తడానికి నెల ముందే మొదలుపెట్టాలి.

అంత వ్యవధి లేకపోతే మరిగే నీళ్లు పోయవచ్చు. ఒక్కో గూటికి పది పన్నెండు లీటర్లు పోస్తే దాదాపు 60 శాతం గూళ్లు చస్తాయని అమెరికా అనుభవం. మిగిలిన వాటికి మళ్లీ పోయాలి. మొక్కల వేర్లకు దగ్గరగా పోయకూడదు. చల్లటి ఉదయం, ఎండ పొడ తగిలే వేళ రాణి, పిల్లలు గూటి పైభాగానికి వస్తాయి కనుక అప్పుడే పోయాలి. ముందుగా గూటిని కెలికితే రాణిని తీసుకుని పక్కకు తరలిపోతాయి.

పెట్రోలు, కిరోసిన్ పోయడం పూర్తిగా మానాలి. అవి నేలనూ భూగర్భ జలాన్నీ పాడుచేస్తాయి, నిప్పంటుకుంటే ప్రాణాలకే ముప్పు. మొక్కజొన్న నూక తిని చీమలు పొట్ట పగిలి చస్తాయనే నమ్మకం అమెరికాలో ఉంది గానీ, గట్టి పదార్థాన్ని మింగలేని చీమకు అది ఎలా జరుగుతుంది?

కుట్టిన చోటును సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ వేయాలి. పొక్కు లేస్తే గిల్లకూడదు, చీము పడుతుంది. ఊపిరాడకపోయినా, ముఖం వాచినా, కళ్లు తిరిగినా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి.

ఒక్క రైతు గట్టు శుభ్రం చేసుకుంటే పక్క గట్టు నుంచి చీమలు మళ్లీ వస్తాయి. తొలి వానల తర్వాత రెక్కల రాణులు ఎగిరి కొత్త గూళ్లు కడతాయి కూడా. ఏపీలో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో రైతు వేదికలో మాట్లాడుకుని పక్కపక్క పొలాల వాళ్లంతా ఒకే వారంలో ఎరలు పెట్టాలి. పంట మీద వాడే ఏ మందుకైనా అక్కడి వ్యవసాయాధికారిని అడిగి, ఆ పంటకు అనుమతి ఉన్నదే కొనాలి. నెల తర్వాత గట్లన్నీ మరోసారి తిరిగి చూసి, ఎర పెట్టినా బతికి ఉన్న గూళ్ల దగ్గర మళ్లీ పెట్టాలి.