అమ్మలూ, సెల్ఫ్ కొనేముందు ఎర్తు చూడు

విజయనగరం

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. చీకటి పడ్డాక పలాస దాటి హైవే మీద బండి ఆగిపోయిందని, దారిన పోయే కుర్రాళ్ళు తోస్తేగాని అంటుకోలేదని మీ అమ్మ అంతకుముందే ఫోన్‌లో చెప్పింది. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. సెల్ఫ్ పోయిందని కాశీబుగ్గ మెకానిక్ తేల్చేశాడనీ, కొత్తది చవగ్గా వస్తోందనీ, పాతది ఇచ్చేస్తే ఇంకొంత తగ్గిస్తానన్నాడనీ రాశావు. ఆదివారంలోగా మార్పించేస్తానన్నావు. ఈ ఉత్తరం అంతకంటే ముందే నీకు చేరాలని ఇవాళే రాస్తున్నాను. కొనొద్దని కాదు తల్లీ, కొనేముందు పరీక్ష చెయ్యమంటున్నాను. మరొక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఏం చేసినా సరే, ఆ పాత సెల్ఫ్ మాత్రం చెయ్యి దాటనివ్వకు.

‘నమ్మకమైన సెల్ఫ్ ఎక్కడ దొరుకుతుంది మావయ్యా’ అని అడిగావు. నమ్మకం దుకాణంలో పెట్టెలో పెట్టి అమ్మే సరుకు కాదు. పరీక్షకు నిలిచినదే నమ్మదగినది. మన బండి విషయంలో ఈ మాట మరీ నిజం. అంబాసిడర్ తయారీ ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో ఆగిపోయింది. బండి రావడం ఆగాక దాని విడిభాగాలను తయారుచేసేవాళ్ళూ ఒక్కొక్కరే తగ్గిపోతారు. ఇన్నాళ్ళూ ఆ సరుకును బతికించినవాటిలో కలకత్తా పసుపు టాక్సీలు పెద్దవి. పదిహేనేళ్ళు దాటిన వాణిజ్య వాహనాలు అక్కడ తిరగకూడదని 2008లో కలకత్తా హైకోర్టు చెప్పింది. ఆ లెక్కన ఫ్యాక్టరీ మూతపడేనాటికి రోడ్డెక్కిన ఆఖరి టాక్సీకి కూడా 2029తో కాలం చెల్లుతుంది. కొనే టాక్సీవాడు లేనప్పుడు ఆ సరుకు తెచ్చే దుకాణదారు ఎందుకుంటాడు? అందుకే నీ బండితోపాటు వచ్చిన ఆ ఇనప సెల్ఫ్ బాడీ విలువ ఏటేటా పెరిగేదే. తగ్గిస్తామన్న నాలుగు రూపాయల కోసం దాన్ని వదులుకుంటే, రేపు బాగుచేయించుకోవడానికి కూడా చేతిలో ఏమీ మిగలదు.

ఇక జబ్బు సంగతి. తాళం తిప్పితే ఒక్కసారి ‘టక్’మని ఊరుకుంటోందనీ, ఒక్కోసారి నీరసంగా రెండు చుట్లు తిప్పి వదిలేస్తోందనీ రాశావు. ఆ రెండూ సెల్ఫ్ పోయిందని తేల్చి చెప్పే గుర్తులు కావు. సెల్ఫ్‌కు చేరాల్సిన కరెంటు చేరకపోయినా అవే గుర్తులు. బ్యాటరీ నీరసిస్తే గబగబా టకటకలాడుతుంది. మోటారు గిర్రున తిరుగుతున్నా ఇంజన్ తిరక్కపోతే బెండిక్స్ పళ్ళచక్రం పట్టడంలేదన్నమాట. కరకరమని పళ్ళు గీరుకుంటే ఫ్లైవీల్ రింగ్ చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగేటప్పుడు దాదాపు ప్రతిసారీ రెండు చోట్లలోనే ఏదో ఒకచోట ఆగుతుంది కాబట్టి, రింగ్ పళ్ళు కూడా ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతాయి. బండిని నాలుగో గేరులో పెట్టి కాస్త ముందుకు జరిపాక సెల్ఫ్ పట్టిందంటే అనుమానం రింగ్ మీదికే పోవాలి. ఇన్ని కారణాలుండగా అన్నిటికీ కొత్త సెల్ఫ్ ఒక్కటే మందనడం, నాడి చూడకుండా మందుచీటీ రాయడం లాంటిది.

ఇప్పుడు ఎర్తు గురించి చెబుతాను, శ్రద్ధగా చదువు. అందరూ చూసేది బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్ళే లావుపాటి వైరునే. వెళ్ళిన కరెంటు తిరిగి బ్యాటరీకి ఏ దారిన చేరుతోందో ఎవరూ చూడరు. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. కాబట్టి ఇంజన్‌నూ బాడీనీ కలుపుతూ అల్లిన రాగి పట్టీ ఒకటుంటుంది. ముప్పై, నలభై ఏళ్ళ బండిలో ఆ పట్టీ పచ్చగా చిలుమెక్కి, సగం పోగులు తెగి, బోల్టు కింద తుప్పు పట్టి ఉంటుంది. ఇంజన్ తిప్పడానికి సెల్ఫ్ నూరు, నూటయాభై, చల్లగా బిగుసుకున్నప్పుడు రెండొందల ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆ దారిలో ఒక ఓమ్‌లో వందో వంతు అడ్డు చాలు, రెండొందల ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. కంటికి ఆనని ఆ కాస్త చిలుముకే పన్నెండు వోల్టుల్లో ఆరో వంతు పోతే సెల్ఫ్ నీరసపడక ఏం చేస్తుంది? అంతకంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. పట్టీ పూర్తిగా తెగితే కరెంటు ఊరుకోదు, చోక్ కేబుల్ వెంటో యాక్సిలరేటర్ కేబుల్ వెంటో దారి వెతుక్కుంటుంది. ఆ సన్నతీగ అంత కరెంటు మొయ్యలేక కాలిపోతుంది. తాళం తిప్పినప్పుడు చోక్ పిడి వేడెక్కిందంటే ఆ క్షణమే ఆపి బ్యాటరీ ఊడదియ్యి.

నీ ఊరును బట్టి కూడా ఈ మాట చెప్పాలి. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల తీరం ఉంది. సోంపేట వైపు సముద్రపుగాలి ఇళ్ళ కిటికీ ఊచల్నే తినేస్తుంది, అలాంటిది బాడీకి బిగించిన బోల్టును వదులుతుందా? ఉప్పుతేమ తగిలిన చోట రాగీ ఇనుమూ కలిసి ఉంటే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. ఎర్తు పట్టీ కలిసేది సరిగ్గా అక్కడే. దానికి చేయాల్సింది కష్టమేమీ కాదు. ముందు బ్యాటరీ నెగిటివ్ ఊడదియ్యి. పట్టీ బోల్టు విప్పి, బాడీ మీద పెయింటూ తుప్పూ పోయి ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్దు. కొత్త పట్టీ వేసి గట్టిగా బిగించి, పైన వాజలైన్ పూయి. బ్యాటరీ నెగిటివ్ వైరు బాడీకి కలిసే చోట కూడా ఇలాగే చెయ్యి. ఇంజన్ బ్లాకు నుంచి నేరుగా బ్యాటరీ నెగిటివ్‌కు ఇంకో లావు వైరు వేయిస్తే మరీ మంచిది. ఇవి చేసేటప్పుడు చేతి గాజులు, ఉంగరం, మెడలో గొలుసు తీసి ఇంట్లో పెట్టు తల్లీ. స్పానరుకూ బాడీకీ మధ్య ఉంగరం ఇరుక్కుంటే వేలు కాలిపోతుంది. ఒక్క జాకీ మీద నిలిపిన బండి కిందికి మాత్రం ఎవరు చెప్పినా దూరకు.

మాటలతో సరిపెట్టొద్దు, మీటరు పెట్టి చూడు. మామూలు మల్టీమీటరు చాలు, మీ బడి ఫిజిక్సు ల్యాబులోనే ఉంటుంది. బండి న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇగ్నిషన్ కాయిల్‌కు వచ్చే సన్నతీగ ఊడదీస్తే ఇంజన్ అంటుకోదు, ఊరికే తిరుగుతుంది. నిండుగా చార్జి ఉన్న బ్యాటరీ ఊరకున్నప్పుడు 12.6 వోల్టులు చూపాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు పదికి అటూ ఇటూ ఉండాలి. తొమ్మిదిన్నర కిందికి జారితే ముందు మంచి బ్యాటరీ తగిలించి మళ్ళీ చూడు. తర్వాత మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగిటివ్ గుబ్బ మీద, ఇంకొకటి సెల్ఫ్ బాడీ మీద ఆనించి సెల్ఫ్ కొట్టించు. అర వోల్టు దాటితే దోషం ఎర్తుదే. అదే పని పాజిటివ్ గుబ్బకూ సెల్ఫ్ మీది లావు బోల్టుకూ మధ్య చెయ్యి. అక్కడ అర వోల్టు దాటితే దోషం వైరుదో సోలనాయిడ్ స్విచ్‌దో. రెండూ బాగుండి, మంచి బ్యాటరీ పెట్టినా ఇంజన్ నీరసంగానే తిరిగితే అప్పుడు సెల్ఫ్‌ను దింపించు. ఆ పరీక్ష చెయ్యకుండా కొత్త సెల్ఫ్ పెడితే, అది కూడా ఆ చిలుము పట్టిన పట్టీ మీదే ఆధారపడి నెల తిరక్కుండా నిన్ను రోడ్డు మీద నిలబెడుతుంది.

దింపాల్సే వస్తే నా ఓటు పాతదాన్ని బాగుచేయించడానికే. సెల్ఫ్‌లో ముఖ్యంగా అరిగేవి నాలుగు: కార్బన్ బ్రష్‌లు, రెండు చివరల బుష్‌లు, బెండిక్స్, సోలనాయిడ్ లోపలి రాగి బిళ్ళలు. ఆర్మేచర్, ఫీల్డ్ కాయిళ్ళు కాలిపోనంతవరకు దశాబ్దాలు నిలుస్తాయి. బుష్ అరిగితే ఆర్మేచర్ ఒరిగి గోడకు రాసుకుంటుంది, కరెంటు విపరీతంగా లాగుతుంది. చూసేవాళ్ళు బ్యాటరీ పోయిందనుకుంటారు. కాబట్టి షాఫ్టును బొటనవేలితో అటూ ఇటూ కదిపి చూడమను. కదిలితే బుష్ మార్చాల్సిందే. కొత్త బుష్ గుల్ల కంచుది, దాన్ని ఒక రాత్రంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టి వెయ్యాలి. ఆ నూనె పీల్చుకోకపోతే తొందరగా అరిగిపోతుంది. కమ్యుటేటర్‌ను సన్నని గాజు కాగితంతో తుడవాలి, ఎమరీ పెట్టకూడదు. సోలనాయిడ్ సెల్ఫ్ వీపు మీద కాక విడిగా బాడీకి బిగించి ఉంటే నీది పాతకాలపు బెండిక్స్ రకం. దాని మరల మీద గ్రీజు రాయనివ్వకు, దుమ్ము పట్టి పళ్ళచక్రం ఇరుక్కుంటుంది. కిరసనాయిలుతో కడిగి చుక్క పల్చటి నూనె వేస్తే చాలు. ఇవన్నీ నీ ఎదుటే చేసే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళు. మార్చిన పాత ముక్కలు చేతికి ఇమ్మని అడుగు. పని తెలిసినవాడు అలా అడిగితే సంతోషిస్తాడు.

‘కొత్తదానికైతే వారంటీ ఉంటుంది కదా’ అంటావు. నిజమే, చెల్లే వారంటీ అయితే దానికి విలువుంది. కానీ కరెంటు సామానుకు గ్యారంటీ లేదని బిల్లు మీదే అచ్చువేసే దుకాణాలు తక్కువేం కాదు. ఉన్నచోట కూడా తిరిగొచ్చేది సెల్ఫ్ ధర, నువ్వు రాత్రిపూట హైవే మీద నిలబడ్డ గంట కాదు. ‘ఇప్పుడొచ్చే గేరు రకం సెల్ఫ్ తేలికగా ఉండి తక్కువ కరెంటుకే గట్టిగా తిప్పుతుంది’ అంటావు. అదీ నిజమే, ఆ రకం మంచిదని నేనూ ఒప్పుకుంటాను. కాని దాని పళ్ళ లెక్క, పంటి సైజు, బిగించే రంధ్రాలు, తిరిగే దిక్కు నీ రింగ్‌కు సరిగ్గా కుదరాలి. వెంట్రుకవాసి తేడా ఉన్నా రింగ్‌ను తినేస్తుంది. రింగ్ మార్చాలంటే గేర్‌బాక్సు దింపి, ఫ్లైవీల్ తీసి, కొత్త రింగ్‌ను వేడిచేసి ఎక్కించాలి. ఆ ఖర్చు ముందు సెల్ఫ్ ఖర్చు ఏపాటిది?

అన్నీ చూశాక కొనక తప్పదని తేలితే ధైర్యంగా కొను, కాని తెలిసి కొను. ‘అంబాసిడర్ సెల్ఫ్ ఇవ్వండి’ అని ఎప్పుడూ అడగకు. ఆ పేరుతో బి.ఎం.సి. పెట్రోలు, డీజిలు ఇంజన్లూ, 1990ల నుంచి ఇసుజు ఇంజన్లూ వచ్చాయి. దేని సెల్ఫ్ దానిదే. నీది మార్క్-4, 1489 సీసీ బి.ఎం.సి. పెట్రోలు. పాత సెల్ఫ్‌ను చంకన పెట్టుకుని వెళ్ళి, రెండూ పక్కపక్కన నిలబెట్టి పళ్ళు లెక్కపెట్టించు. లూకాస్-టీవీఎస్ 1961లో మొదలై మద్రాసు పాడిలో సెల్ఫ్‌లు తయారుచేస్తున్న కంపెనీ, దాని పేరే నకిలీలకు పెట్టుబడి. కాబట్టి పెట్టె మీది పేరు కాదు, బాడీ మీద కొట్టిన నంబరు చూడు, జీఎస్టీ బిల్లు తీసుకో. విశాఖ ఆటోనగర్‌లో దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ ఉంది. మన రైలు దారిలోనే కలకత్తా ఉంది. వాడిన సెల్ఫ్ అయితే విప్పి చూపిస్తేనే తీసుకో. లోపల ఒండ్రుమట్టి చార కనిపిస్తే అది వరదలో మునిగిన సరుకు. 2018 తిత్లీ తుఫాను చూసిన ఊరిదానివి, నీళ్ళు ఏం చేస్తాయో నీకు చెప్పక్కర్లేదు. ఊరికే తిప్పి చూపిస్తే చాలదు. బరువు లేనప్పుడు ఏ మోటారైనా తిరుగుతుంది. నీ ఇంజన్‌కు బిగించి, ఇంజన్ వేడెక్కి ఉన్నప్పుడు ఒకసారి, తెల్లారి చల్లగా ఉన్నప్పుడు ఒకసారి పట్టాలి.

ఇంత యాతన ఎందుకు, బండి అమ్మేసి చిన్న కారు కొనుక్కోవచ్చు కదా అని మీ నాన్న అంటున్నాడట. బావ మాటలో తప్పులేదు. నీ క్షేమం కంటే ఏ బండీ ఎక్కువ కాదు. అయితే పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించే వీలు చట్టంలోనే ఉంది, మన బండి దానికి పెట్టే ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గుతూనే వస్తోంది. ఒక రాగి పట్టీ కోసం దాన్ని తుక్కుకింద తూయించడం న్యాయం కాదు. ఆ డబ్బుతో కొన్న వాడిన కారుకు కూడా ఒక ఎర్తు పట్టీ ఉంటుంది, దాన్ని చూడాల్సిందీ నువ్వే.

పని పూర్తయ్యేదాకా బడికి బస్సులో వెళ్ళు. పొద్దున్నే అన్నం తినకుండా పరుగెడుతున్నావని మీ అమ్మ బాధపడుతోంది, అదీ మానుకో. మీటరు చూపిన మూడు అంకెలూ, బ్యాటరీది, ఎర్తుది, పాజిటివ్ వైరుది, కాగితం మీద రాసి నాకు పంపు. వాటిని బట్టి పట్టీ మార్చాలో, సెల్ఫ్ బాగుచేయించాలో, కొత్తది కొనాలో ఇద్దరం కలిసి తేల్చుకుందాం. కొనాల్సే వస్తే ఆ ఖర్చు నాది. నువ్వు వద్దనకూడదు.

మీ అమ్మకీ బావకీ అడిగానని చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య